యోయిచికి ఒక్క రోజు చాలా? విస్కీకి చాలు, వైన్‌కి చాలదు

మీరు అడిగింది ఇదీ: అక్టోబర్ మధ్యలో హైదరాబాద్ నుంచి జపాన్‌లోని సప్పోరో వస్తున్నారు. మీరిద్దరూ, మీ అత్తగారూ మామగారూ, మొత్తం నలుగురు. మీకూ మామగారికీ విస్కీ అంటే ఇష్టం, మీ ఆవిడకి వైన్. అత్తగారు పక్కా శాకాహారి, మందు జోలికి పోరు. యోయిచి అనే చిన్న ఊళ్లో విస్కీ, వైన్ రెండూ ఉన్నాయని విన్నారు. ఒక్క రోజులో అయిపోతుందా, కారు అద్దెకి తీసుకోవాలా, అత్తగారికి అక్కడ ఏమైనా కాలక్షేపం ఉందా అని మీ సందేహం.

నేను సప్పోరో, యోయిచి ఉన్న ఉత్తరపు దీవి హొక్కైడోలోనే ఉంటాను అండీ. ఇక్కడికి వచ్చే మనవాళ్లకి ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టడం నా పని. యోయిచికి అన్ని కాలాల్లోనూ వెళ్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా సమాధానం. విస్కీ వరకైతే సగం రోజు చాలు, రైల్లో వెళ్లి రైల్లో రండి. వైన్‌ని కూడా అంతే శ్రద్ధగా చూడాలంటే ఒక రాత్రి అక్కడే ఉండాలి. ఒక్క రోజే ఉందంటే విస్కీ కాచే డిస్టిలరీతో పాటు ఒకే ఒక్క వైనరీ పెట్టుకోండి, రెండోదాని ఆశ వదిలేయండి. కారు మాత్రం వద్దు. మీ నలుగురిలో తాగని మనిషి అత్తగారు ఒక్కరే, ఆవిడ స్టీరింగ్ పట్టుకుంటానంటే అది వేరే సంగతి.

ఎందుకిలా అంటున్నానంటే, యోయిచిలో విస్కీ అంతా ఒకేచోట ఉంది. స్టేషన్ బయటికి వచ్చి తిన్నగా చూస్తే రాతి గేటు కనిపిస్తుంది, మూడు నిమిషాల నడక. వైన్ అలా కాదు. ఊరికి దూరంగా నొబోరిచో అనే కొండవాలు మీద, పక్కనున్న నికి ఊళ్లో, చిన్న చిన్న తోటల్లో చెల్లాచెదురుగా ఉంది. వాటిలో చాలా తోటలు ఒక కుటుంబం నడుపుకునేవి. మనం వెళ్లేసరికి తలుపు తీసి రమ్మనడానికి అక్కడ ఎవరూ ఖాళీగా ఉండరు. పైగా అక్టోబర్ అంటే వాళ్లకి ద్రాక్ష కోతల కాలం, ఊపిరాడని పని. ఇంటర్నెట్‌లో "విస్కీ, వైన్ పట్టణం" అని ఒకే వాక్యంలో రాసేస్తారు గానీ, చూడబోయేవాడికి అవి రెండు వేర్వేరు ప్రయాణాలు.

ఊరి గురించి కూడా ఒక మాట. జనాభా ఇరవై వేల లోపే. టూరిస్టుల కోసం ముస్తాబైన చోటు కాదు, ఆపిల్ తోటలూ చేపల రేవూ ఉన్న మామూలు పల్లెటూరి పట్నం. దారిలో ఉండే టూరిస్టుల ఊరు ఒటారులో లాగా కాలవ పక్కన గాజు బొమ్మల దుకాణాలు, ఐస్‌క్రీమ్ బళ్లు ఉంటాయనుకుని వస్తే నిరాశపడతారు. నాకైతే అందుకే ఇష్టం.

ప్రయాణం

సప్పోరో నుంచి ఒటారుకి రైల్లో ముప్పావు గంట వేసుకోండి. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, జెనిబాకో దాటాక పట్టాలు సముద్రాన్ని రాసుకుంటూ పోతాయి. ఒటారులో దిగి చిన్న డీజిల్ రైలు ఎక్కాలి. ఒకటి రెండు పెట్టెలే ఉంటాయి, అక్కడి నుంచి పాతిక నిమిషాలు. మారడానికి పట్టే టైముతో కలిపి మొత్తం గంటన్నర అనుకుంటే టెన్షన్ ఉండదు. కార్డు గీకే అలవాటున్నా ఈ లైన్‌కి కాగితం టికెట్ కొనుక్కోండి, గొడవ ఉండదు.

అసలు చిక్కు ఒటారు, యోయిచి మధ్య రైళ్లు తక్కువ కావడం. గంటకొకటి ఉంటే అదృష్టం, మధ్యాహ్నం పూట ఇంకా పెద్ద గ్యాప్‌లు వస్తాయి. అందుకని పొద్దున బయల్దేరేటప్పుడే తిరుగు రైలు టైము చూసి ఫోన్‌లో పెట్టుకోండి. అది తప్పితే హొక్కైడో చువో వాళ్ల బస్సులు ఉన్నాయి, మరీ ఇరుక్కుపోరు. హొక్కైడో షింకన్‌సేన్, అంటే బుల్లెట్ రైలు, సప్పోరో దాకా వచ్చాక ఒటారు నుంచి ఒషమాంబె వరకు ఈ పాత లైన్ తీసేయాలని తేల్చేశారు. యోయిచి స్టేషన్ కూడా అందులో పోతుంది. ఆ పని ఏళ్ల తరబడి వాయిదా పడుతోంది కాబట్టి మీ ట్రిప్పుకి ఢోకా లేదు.

కారు ఎందుకు వద్దన్నానో కూడా చెప్తాను. మన ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది, రోడ్లూ బాగుంటాయి, అందుకే చాలామంది కారుకే మొగ్గుతారు. కానీ ఇక్కడ తాగి నడిపితే నడిపినవాడితోనే ఆగదు. తాగాడని తెలిసీ ఆ కారెక్కినవాళ్లకీ, నడుపుతాడని తెలిసీ మందు పోసినవాళ్లకీ శిక్ష ఉంది. "ఒక్క గుక్కే కదా" అనే బేరం ఇక్కడ కుదరదు. డిస్టిలరీలో కూడా కారులో వచ్చినవాళ్లని అడిగి మరీ కనుక్కుని జ్యూస్ చేతిలో పెడతారు. సైకిల్ అద్దెకి తీసుకుందామని కొందరు తెలివిగా ఆలోచిస్తారు. 2024 నవంబర్ నుంచి తాగి సైకిల్ తొక్కినా జైలు, జరిమానా ఉన్నాయి. నడక, రైలు, టాక్సీ, ఈ మూడే మీకు దారి.

డిస్టిలరీ

నిక్కా అనే విస్కీ కంపెనీ వాళ్ల యోయిచి డిస్టిలరీలో విస్కీ తయారయ్యే చోటుని చూడాలంటే గైడ్ టూర్ ఉంటుంది. ఉచితం, గంటకి పైగా పడుతుంది, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మీ ప్లాన్‌లో ముందు ఖాయం చేసుకోవాల్సింది ఇదే. హోటల్ కన్నా ముందు దీని తేదీ పట్టుకోండి. శని, ఆదివారాల స్లాట్లు చాలా త్వరగా నిండిపోతాయి, మంగళ, బుధవారాలు చూసుకోండి. బుకింగ్ లేకపోయినా మ్యూజియం, షాపు, రెస్టారెంటు చూడొచ్చు, కానీ బట్టీలున్న వైపు పోనివ్వరు. విజయవాడ నుంచి వచ్చిన ఒక మిత్రబృందం "అక్కడికి వెళ్లి అడిగితే ఇస్తారులే" అని బయల్దేరింది. మ్యూజియంలో డబ్బులిచ్చి తాగే కౌంటర్ దగ్గర బాగానే గడిపారు గానీ, నిప్పు మాత్రం చూడలేదు. ఆ నిప్పు చూడకపోతే యోయిచి వెళ్లినట్టు కాదని నా లెక్క.

ఎందుకంటే, ఇక్కడ రాగి బట్టీల కింద ఇప్పటికీ బొగ్గు మంట పెడతారు. స్కాట్లాండ్‌లోనే దాదాపు అందరూ ఆవిరి గొట్టాలకి మారిపోయారు, వీళ్లు మారలేదు. మీరు తాడు ఇవతల నిలబడి ఉంటారు. ఒకాయన పారతో వచ్చి కింద ఇనుప తలుపు తీస్తాడు. లోపల ఎర్రగా ఒక గుహలాగా కనిపిస్తుంది, ఆ సెగ మీ మొహానికి తగులుతుంది. రెండు మూడు పారల బొగ్గు చల్లి, ఒక ఊచతో సర్ది, తలుపు ధడేలుమని మూసేస్తాడు. కొన్ని నిమిషాలకోసారి మళ్లీ అదే పని. మంట ఎక్కువైతే అడుగు మాడుతుంది, తగ్గితే సారం రాదు, అదంతా ఆయన చేతివాటం. ఆ కాస్త మాడు వాసనే యోయిచి విస్కీకి బరువునిస్తుందని నిక్కా వాళ్లు చెప్పుకుంటారు. తాగి చూశాక నాకూ అది నిజమే అనిపిస్తుంది. అన్ని రోజులూ మంట ఉంటుందని మాత్రం గ్యారంటీ లేదు, మరమ్మతుల రోజులుంటాయి.

ఇంకో సంగతి మీ అత్తగారికి చూపించండి. ఆ బట్టీల మెడలకి ఎండుగడ్డితో పేనిన తాడు, దానికి మడత పెట్టిన తెల్ల కాగితాలు వేలాడుతుంటాయి. జపాన్‌వాళ్ల షింతో మతం గుళ్లలో కట్టే పవిత్రమైన తాడు అది. ఈ డిస్టిలరీ పెట్టిన మసతక తకెత్సురు హిరోషిమా దగ్గర తకెహరాలో సాకే అనే బియ్యపు మందు కాచే ఇంట్లో 1894లో పుట్టారు. సాకే ఇళ్లలో పాత్రలకి అలా కట్టే ఆనవాయితీని విస్కీ బట్టీలకీ తెచ్చారు. బట్టీకి దండ కట్టి దణ్ణం పెట్టే పద్ధతి మనకి విచిత్రంగా అనిపించదు, ఆయుధపూజ చేసేవాళ్లం కదా.

ఆయన కథ తెలుసుకుని వెళ్తే ఆ ఆవరణ బాగా అర్థమవుతుంది, క్లుప్తంగా చెప్తాను. 1918లో స్కాట్లాండ్ వెళ్లి గ్లాస్గోలో కెమిస్ట్రీ చదువుతూ, అక్కడి డిస్టిలరీల్లో పని నేర్చుకుంటూ నోట్సు రాసుకున్నారు. 1920లో రీటా అనే స్కాటిష్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు, రెండు వైపుల పెద్దలకీ ఇష్టం లేదు. జపాన్ తిరిగొచ్చాక ఇప్పుడు సంటోరీగా మనకి తెలిసిన కంపెనీ కోసం షింజిరో తొరీ దగ్గర పనిచేసి యమజకి డిస్టిలరీ నిలబెట్టారు. తర్వాత బయటికొచ్చి 1934లో యోయిచిలో సొంతంగా మొదలుపెట్టారు. చలి, సముద్రపు తేమ, మంచి నీళ్లు, దగ్గర్లో విస్కీకి పొగ వాసననిచ్చే పీట్ మట్టీ, బొగ్గూ, ఇవన్నీ స్కాట్లాండ్‌కి దగ్గరగా ఉన్నాయని ఈ ఊరిని ఎంచుకున్నారు.

విస్కీ పీపాల్లో ఏళ్ల తరబడి కూర్చోవాలి, ఈలోపు పనివాళ్లకి జీతాలెలా? అక్కడే ఊళ్లోని ఆపిల్స్ ఆదుకున్నాయి. కంపెనీ మొదటి పేరులోనే విస్కీ లేదు, పళ్లరసం ఉంది. రైతుల దగ్గర ఆపిల్స్ కొని జ్యూస్, ఆ తర్వాత ఆపిల్ వైన్ అమ్ముతూ నెట్టుకొచ్చారు. మొదటి విస్కీ సీసా బయటికొచ్చింది 1940లో. కాబట్టి యోయిచిలో విస్కీకీ తోటలకీ సంబంధం ఈనాటిది కాదు.

టూర్ చివర ఒక ట్రేలో మూడు గ్లాసులు ఇస్తారు: సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో బార్లీ మాల్ట్‌తో కాచిన విస్కీ) యోయిచి, సూపర్ నిక్కా, ఆపిల్ వైన్. పక్కన నీళ్లు, ఐసు. నా సలహా, సింగిల్ మాల్ట్‌ని ముందు ఏమీ కలపకుండా ఒక చుక్క, తర్వాత అంతే కొలతలో నీళ్లు కలిపి ఇంకో చుక్క తాగండి. నీళ్లు పడగానే పొగ వెనక్కి తగ్గి పళ్ల వాసన ముందుకొస్తుంది. సూపర్ నిక్కా మెత్తగా ఉంటుంది. రీటా 1961లో పోయాక ఆ బాధలో తకెత్సురు రకరకాల విస్కీలు కలిపి తయారుచేసిన బ్లెండ్ అది, 1962లో వచ్చింది. ఆపిల్ వైన్ తియ్యగా ఉందని మోసపోకండి, అందులో బ్రాందీ కలుస్తుంది, 22 శాతం ఆల్కహాల్. జ్యూస్ అనుకుని గటగటా తాగేసి రైల్లో నిద్రపోయి ఒటారు స్టేషన్లో లేవలేకపోయిన పెద్దమనుషులు ఉన్నారు.

షాపులో వయసు వేసిన సీసాలు, అంటే ఎన్నేళ్ల విస్కీయో లేబుల్ మీద రాసినవి, దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. గిరాకీ పెరిగి నిల్వలు అడుగంటడంతో 2015లో యోయిచి 10, 12, 15 ఏళ్ల సీసాలన్నీ ఆపేశారు. 10 ఏళ్లది 2022లో మళ్లీ వచ్చింది గానీ అది షెల్ఫులో కనిపించడమే అరుదు. దానికి బదులు డిస్టిలరీలో మాత్రమే అమ్మే సీసాలు ఉంటాయి, అవి కొనండి. వయసు వేసిన మామూలు సీసా కోసం సప్పోరో షాపుల్లో రెండింతలు మూడింతలు పోసి కొనేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

ఇక వైన్

మీ ఆవిడ కోసం ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. హొక్కైడోలో వైన్ ద్రాక్ష ఎక్కువగా పండేది యోయిచిలోనే. పాతకాలంలో ఇక్కడి రైతులు పండించి వేరేచోట ఉన్న పెద్ద కంపెనీలకి అమ్మేవాళ్లు. ఊళ్లో యోయిచి వైనరీ ఒక్కటి 1974 నుంచి ఉండేది. మార్పు వచ్చింది 2010 తర్వాత. జపాన్‌లో వైన్ లైసెన్సు కావాలంటే మామూలుగా ఏడాదికి 6,000 లీటర్లు తయారుచేయాలి, చిన్న రైతుకి అది తలకి మించిన భారం. 2011లో యోయిచిని ప్రత్యేక వైన్ మండలంగా ప్రకటించి ఆ హద్దుని 2,000 లీటర్లకి తగ్గించారు. దాంతో ఉద్యోగాలు వదిలేసి వచ్చినవాళ్లు ఒక చిన్న తోట, ఒక షెడ్డు వేసుకుని సొంత వైన్ మొదలుపెట్టారు.

అందరూ చెప్పే పేరు దొమేన్ తకహికో అనే వైనరీ. తకహికో సొగ 2010లో పెట్టారు. పినో నువార్ రకం ద్రాక్ష, తొడిమలతో సహా గెలల్ని అలాగే పులియబెట్టడం, బయటి ఈస్ట్ కలపకపోవడం ఆయన పద్ధతి. ఆయన నానత్సుమోరి వైన్ కోపెన్‌హాగెన్‌లోని నోమా రెస్టారెంట్ జాబితాకెక్కాక దానికోసం ప్రపంచమంతా ఎగబడుతోంది. మీరు వెళ్లి గేటు దగ్గర నిలబడితే మాత్రం సీసా దొరకదు, రుచి చూపించే కౌంటరూ లేదు. దయచేసి చెప్పకుండా తోటలోకి వెళ్లకండి. మన చెప్పుల మట్టితో తెగుళ్లు తోటలోకి పోతాయని వాళ్ల భయం, అది సబబైన భయమే.

వెళ్లగలిగినవి ఏవంటే, నొబోరిచోలో ఒచ్చి గబీ వైనరీ ఉంది. 2013లో మొదలైంది, తోటని చూస్తూ తినే రెస్టారెంటు, షాపు ఉన్నాయి. యోయిచి తర్వాతి స్టేషన్ నికి, అక్కడ కొండ మీద నికి హిల్స్ వైనరీ ఉంది. బస, భోజనం, తోట చూపించే ఏర్పాటు అన్నీ ఒకేచోట. రాత్రి ఉండాలనుకుంటే నేను దీనికే ఓటేస్తాను. రెండింటికీ ముందు రిజర్వేషన్ పెట్టుకుని, ఆ రోజు తెరిచి ఉంటారో లేదో మళ్లీ ఒకసారి చూసుకోండి.

నొబోరిచోకి స్టేషన్ దగ్గర టాక్సీ దొరుకుతుంది, పది నిమిషాల దారి. తిరిగి రావడమే చిక్కు. ఆ కొండ మీద చెయ్యెత్తితే ఆగే టాక్సీ ఉండదు, మన ఫోన్లో యాప్ నొక్కితే ఎవరూ రారు. దింపిన టాక్సీ ఆయనతోనే తిరుగు టైము మాట్లాడుకోండి, లేదా భోజనం మొదలుపెట్టేటప్పుడే వైనరీ వాళ్లని ఫోన్ చేసి పిలవమనండి. బిల్లు కట్టాక అడిగితే అరగంట నిలబడాలి.

రుచి గురించి కూడా ముందే చెప్పాలి. నాసిక్ షిరాజ్, కాబెర్నే అలవాటైన నోటికి ఇక్కడి ఎర్ర వైన్ పల్చగా, పుల్లగా అనిపిస్తుంది. చల్లటి నేల, ఎండ తక్కువ, పళ్లలో తీపి తక్కువ, అంతే. అది లోపం కాదు. మొదటిసారి తాగేవాళ్లకి నేను ఎర్రది కాకుండా కెర్నర్ అనే తెల్ల ద్రాక్షతో చేసింది ఇప్పిస్తాను. పూల వాసన, కాస్త పండు రుచి, చాలామందికి వెంటనే నచ్చుతుంది. ఎర్రదే కావాలంటే త్స్వైగెల్ట్ రకం, ఆ తర్వాతే పినో నువార్. డబ్బు పెట్టి పినో నువార్‌తోనే మొదలుపెట్టి "ఇదేంటి నీళ్లలా ఉంది" అన్నవాళ్లని చాలామందిని చూశాను.

తోట పక్కన నడిచే అవకాశం వస్తే ద్రాక్ష మొదళ్లని గమనించండి. నిటారుగా ఉండవు, అన్నీ ఒకేవైపు వాలి నేలకి దగ్గరగా పాకినట్టుంటాయి. గాలికి వంగినవి కావు, కావాలనే అలా పెంచుతారు. కోతలయ్యాక కొమ్మలు కత్తిరించి, తీగల్ని వైర్ల నుంచి విప్పి కిందికి వాల్చేస్తారు. డిసెంబర్‌లో మంచు పడి మొక్క మొత్తం దాని కింద పూడుకుపోతుంది. బయట సున్నాకి పది డిగ్రీలు తక్కువున్నా మంచు కింద సున్నా దగ్గరే ఆగుతుంది, మొగ్గలు బతుకుతాయి. మంచు సరిగ్గా పడని ఏడు వాళ్లకి కంగారు. వసంతంలో మళ్లీ ఒక్కొక్క మొక్కని పైకి లేపి కట్టాలి, అదంతా చేతిపనే. సీసా ధర ఎక్కువని ఎవరైనా గొణిగితే నేను ఈ పని గురించే చెప్తాను.

తోటలదాకా వెళ్లే తీరిక లేకపోతే సప్పోరోలోనో ఒటారులోనో హొక్కైడో వైన్లు గ్లాసు లెక్కన పోసే బార్లు ఉన్నాయి. ఒక సాయంత్రం అక్కడ కూర్చుంటే యోయిచి వైన్లు నాలుగైదు రకాలు రుచి చూడొచ్చు. నిజం చెప్పాలంటే వైన్ రుచే ముఖ్యమైతే కొండెక్కడం కన్నా ఇదే లాభం. తోట చూడాలన్న కోరికుంటేనే కొండ.

అత్తగారి సంగతి

ఆవిడకి అక్టోబర్ మంచి కాలం. యోయిచి, నికి రెండూ పళ్లతోటల ఊళ్లు, టికెట్ కొని లోపలికి వెళ్లి చెట్టు నుంచి కోసుకు తినే తోటలున్నాయి. అక్టోబర్‌లో ఆపిల్స్ ఉంటాయి, మొదటివారాల్లో ద్రాక్ష కూడా. ఐజు అనే ప్రాంతం నుంచి వలస వచ్చిన ఓడిపోయిన సమురాయ్ కుటుంబాలు నాటిన మొక్కలు 1879లో ఇక్కడ మొదటిసారి ఆపిల్స్ కాశాయి. యుద్ధంలో సర్వం పోయి, కత్తి పట్టిన చేత్తో పార పట్టినవాళ్లు వాళ్లు. డిస్టిలరీ ఆవరణ కూడా ఆవిడకి విసుగు పుట్టించదు. ఎర్ర కప్పుల రాతి భవనాలు, రీటా ఉన్న ఇల్లు, అక్టోబర్‌లో ఎర్రబడిన చెట్లు, తీరిగ్గా తిరగొచ్చు. కాస్త సమయముంటే అంతరిక్ష మ్యూజియం ఉంది, జపాన్ వ్యోమగామి మమోరు మోరి ఈ ఊరివాడే.

తిండి మాత్రం వెంట తీసుకెళ్లండి. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను. స్టేషన్ చుట్టుపక్కల పేరున్న భోజనమంతా సముద్రానిదే. మీరు ముగ్గురూ తినేవాళ్లైతే కకిజకి షోతెన్ అనే చేపల దుకాణం పైఅంతస్తులో అన్నం మీద చేపలు, చేపగుడ్లు వేసిచ్చే గిన్నె తినండి, దండిగా ఉంటుంది. ఉని (సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి) కోసం మాత్రం అడగొద్దు, ఇక్కడి తాజా ఉని వేసవితోనే అయిపోతుంది. కానీ అత్తగారికి అక్కడ సూప్ కూడా పనికిరాదు. కూరగాయల నూడుల్స్ అని ఇచ్చినదాంట్లోనూ ఎండుచేప రసం ఉంటుంది, వాళ్ల దృష్టిలో అది మాంసాహారం కాదు. ఒక కుటుంబం ఇలాగే "వెజిటేరియన్" అని అనువాదం యాప్‌లో చూపించి తెప్పించుకున్న గిన్నెలో పైన చేపపొట్టు కదులుతూ కనిపించేసరికి ఆ పెద్దావిడ రోజంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. సప్పోరోలో ఇండియన్ రెస్టారెంట్లున్నాయి, ముందురోజు రాత్రే పార్సిల్ కట్టించుకోండి. లేదా హోటల్ గదిలో వేడినీళ్లతో అయ్యే ఉప్మా, పులిహోర ప్యాకెట్లు, ఆవకాయ సీసా. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పళ్లు హైదరాబాద్ నుంచి తేవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

మీకు నేను వేసే ప్లాన్

మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిది లోపు సప్పోరోలో రైలెక్కండి. పది, పదిన్నర ప్రాంతంలో డిస్టిలరీ టూర్. పన్నెండున్నరకి బయటపడి, మామగారూ అత్తగారూ మ్యూజియం, షాపు దగ్గర తీరిగ్గా ఉంటే మీరిద్దరూ టాక్సీలో ఒచ్చి గబీకి వెళ్లండి. నలుగురూ కొండ ఎక్కాల్సిన పని లేదు. మూడింటికల్లా కిందికి వచ్చేయండి, అక్టోబర్ మధ్యలో ఇక్కడ ఐదింటికే పొద్దు గూకుతుంది, సాయంత్రం చలి చంపుతుంది. స్వెటర్ కాదు, గాలి ఆపే జాకెట్ ఉండాలి. తిరుగుదారిలో ఒటారులో దిగి కాలవ పక్కన దీపాలు చూసి రాత్రికి సప్పోరో చేరండి.

ఒక రాత్రి మిగుల్చుకోగలిగితే మొదటిరోజు డిస్టిలరీ, రాత్రి నికిలో బస, రెండోరోజు పొద్దున తోట, ఆపిల్స్. మీ ఆవిడ ఓటు దీనికే పడుతుందని నా అనుమానం.

సెప్టెంబర్‌లో ఊళ్లో వైన్ పండగ జరుగుతుంది, ఆ రోజు మామూలుగా తలుపు తీయని తోటలు కూడా గ్లాసులు పోస్తాయి. మీకు కుదరదు, కానీ ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుందని రాశాను. టికెట్లు ముందే అయిపోతాయి. శీతాకాలంలో వచ్చేవాళ్లు విస్కీ వరకే పెట్టుకోండి, తోటలు మంచులో ఉంటాయి, డిస్టిలరీ కొత్త సంవత్సరం సెలవులకి మూసేస్తారు.

చివరగా సీసాల గురించి. మన కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్ల మందు వరకు పన్ను ఉండదు. ఇక్కడి విస్కీ సీసా మామూలుగా 700 మిల్లీలీటర్లు కాబట్టి తలకి రెండు పెద్దవి, ఒక చిన్నది దర్జాగా వస్తాయి. అత్తగారి వాటా కూడా కలిపి లెక్కేసుకోవచ్చు, ఆవిడ తాగకపోయినా కస్టమ్స్‌వాళ్లకి పట్టింపు లేదు, ఆవిడకి మోయడానికి అభ్యంతరం లేకపోతే చాలు. ఊళ్లో కొన్న సీసాలన్నీ చెకిన్ సూట్‌కేసులో, బట్టల మధ్య చుట్టి పెట్టండి. చేతిబ్యాగులో పెట్టుకుంటే అంతర్జాతీయ విమానం సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సిందే.

టూర్ స్లాట్ దొరికాక తేదీ ఇక్కడే రాయండి. ఆ రోజు రైలు టైములు చూసి, వైనరీ తెరిచి ఉందో లేదో కనుక్కుని చెప్తాను.